బయానా ముట్టింది.. భూమి ఎవరిది?

క్రయ ఒప్పందాల తగాదాల్లో కోర్టులు ఏం చూస్తున్నాయి? సంతకం పెట్టేముందు రైతు ఏం చూసుకోవాలి?

‘అడ్వాన్సు ఇచ్చాను, ఇక భూమి నాదే’ అంటాడు కొన్నవాడు. ‘గడువు దాటింది, నీ అడ్వాన్సు మునిగింది’ అంటాడు అమ్మిన రైతు. ఊళ్లో పెద్దమనుషుల ముందు తెగకపోతే ఇద్దరూ కావలో, కోవూరో, నెల్లూరో, గూడూరో వెళ్లి కోర్టు మెట్లెక్కుతారు. నిజానికి ఇద్దరి మాటలోనూ సగమే పస ఉంది. అడ్వాన్సు ఇచ్చినంత మాత్రాన భూమి కొన్నవాడిది కాదు. గడువు దాటినంత మాత్రాన చేతికందిన సొమ్మంతా రైతుది కాదు. ఈ రెండు మాటలు ముందే తెలిస్తే సగం దావాలు పుట్టవు.

ఎకరా, ఎకరన్నర ఉన్న రైతుకు ఇది చిన్న విషయం కాదు. కూతురి పెళ్లికో, ఆస్పత్రి ఖర్చుకో, రొయ్యల గుంటలో పోయిన అప్పు తీర్చడానికో భూమి బేరం పెడతాడు. చేతికొచ్చిన అడ్వాన్సు వారంలో ఖర్చయిపోతుంది. తర్వాత బేరం చెడిందంటే భూమి దావాలో చిక్కుకుంటుంది. మరొకరికి అమ్మాలంటే కొనేవాడు భయపడతాడు. బ్యాంకుకు పోతే లోను పుట్టదు. సొమ్ము తిరిగిద్దామంటే చేతిలో ఉండదు. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని సామెత ఊరికే పుట్టలేదు.

తీరంలో తగాదాలెందుకు ఎక్కువ?

ఒప్పందం రాసుకున్న రోజుకూ రిజిస్ట్రేషను రోజుకూ మధ్య ధర కదలకపోతే పేచీ రాదు. మన తీరంలో ధర నిలకడగా ఉన్న కాలం తక్కువ. 1990 తర్వాత టైగర్ రొయ్య వచ్చింది. అంతకుముందు ఎవరూ అడగని ఉప్పునేలలకు గిరాకీ పుట్టింది. 1994లో తెల్లమచ్చ తెగులు చెరువులను ఊడ్చేసింది. 1996 డిసెంబరు 11న తీరప్రాంత రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2008లో కృష్ణపట్నం రేవు మొదలైంది. ముత్తుకూరు, చిల్లకూరు వైపు విద్యుత్ కేంద్రాలు వచ్చాయి. 2009 తర్వాత వనామి రొయ్య వచ్చింది. 2022 జులైలో రామాయపట్నం రేవుకు శంకుస్థాపన జరిగింది.

ప్రతి కబురుకూ ధర ఎగురుతుంది, కొన్నాళ్లకు చల్లబడుతుంది. ధర పెరిగితే అమ్మిన రైతుకు మనసు మారుతుంది. తగ్గితే కొన్నవాడు మొహం చాటేస్తాడు. రెండు దారులూ చివరకు కోర్టుకే చేరతాయి.

దీనికి తోడు మధ్యవర్తుల వ్యాపారం ఒకటుంది. కొద్దిపాటి అడ్వాన్సు ఇచ్చి, ఆరు నెలలో ఏడాదో గడువు పెట్టి, అగ్రిమెంటు చేతిలో పట్టుకుని ఎక్కువ ధరకు ఇంకొకరిని వెతుకుతారు. మీ అగ్రిమెంటులో ‘మీకు గాని, మీరు కోరిన వారికి గాని రిజిస్టరు చేయించి ఇవ్వగలవాడను’ అన్న వాక్యం ఉందేమో చూడండి. దస్తావేజు రైటర్లు అలవాటుగా రాసే మాట అది. ఆ మాటతో మీ భూమి మీద అగ్రిమెంటు చేతులు మారుతుంది. ఎకరాల్లో కొన్నదాన్ని అంకణాల్లో అమ్ముకుంటారు. కొనేవాడు దొరికితే వాళ్లకు లాభం. దొరక్కపోతే మీ భూమి ఇరుక్కుంటుంది. ఇష్టం లేకపోతే ఆ వాక్యం కొట్టేయించండి.

బయానా వేరు, ధరలో భాగం వేరు

ఒప్పందం నిలబెట్టుకుంటానని గట్టి మాటగా ఇచ్చేది బయానా. పాత దస్తావేజుల్లో సంచకారం అనేవారు. బేరం సాగితే అది ధరలో కలుస్తుంది. కొన్నవాడి తప్పు వల్ల చెడితే అమ్మినవాడు ఉంచుకోవచ్చు. ఆ తర్వాత విడతలుగా ఇచ్చేది ధరలో భాగం. బేరం చెడితే దాన్ని ఊరికే ఉంచుకునే హక్కు రైతుకు లేదు.

ఈ తేడా తేల్చిన పెద్ద తీర్పు 1963 నాటిది. వకీళ్లంతా ఫతేచంద్ కేసు అంటారు. ఢిల్లీలో ఒక ఆస్తిని 1949లో 1,12,500 రూపాయలకు బేరం చేశారు. ముందు 1,000 రూపాయలు, తర్వాత స్వాధీనం అప్పగించేటప్పుడు 24,000 రూపాయలు ముట్టాయి. గడువులోగా రిజిస్టరు చేయించుకోకపోతే మొత్తం 25,000 పోతుందని కాగితంలో షరతు. బేరం చెడింది. సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, బయానా 1,000 మాత్రమే, అది అమ్మినవాడు ఉంచుకోవచ్చు. మిగతా 24,000 ధరలో భాగం. కాగితంలో షరతు ఉన్నా సరే, జరిగిన నష్టం రుజువు చేయకుండా దాన్ని మింగడానికి వీల్లేదు. ఇండియన్ కాంట్రాక్టు చట్టం 1872లోని 74వ సెక్షను ఇందుకు ఆధారం.

మన లెక్కలో చెప్పుకుందాం. ఒక రైతు ఎకరన్నర భూమిని ఎకరా 18 లక్షల చొప్పున 27 లక్షలకు బేరం చేశాడనుకోండి. సంతకం రోజు 2 లక్షలు బయానా. రెండు నెలలకు ఇంకో 8 లక్షలు. మిగతా 17 లక్షలు ఆరు నెలల్లో ఇవ్వాలి. కొన్నవాడు ఇవ్వలేకపోయాడు. బయానా పోతుందని కాగితంలో స్పష్టంగా ఉంటే ఆ 2 లక్షలు రైతు ఉంచుకోవచ్చు. 8 లక్షల సంగతి వేరు. భూమి ధర పడిపోయి తర్వాత 24 లక్షలకే అమ్మాడనుకుంటే 3 లక్షల తేడాను నష్టంగా కోర్టుకు చూపొచ్చు. దానికి తగ్గట్టు తీర్పు ఉంటుంది. అదే భూమిని 30 లక్షలకు అమ్మి ఉంటే చూపడానికి నష్టమే లేదు.

అయితే కాగితంలో రాసుకున్న మాటకు బలం లేదనుకోకండి. బెంగళూరు ఆస్తి ఒకదాని మీద సుప్రీంకోర్టు 2025 మే 2న ఇచ్చిన తీర్పు చూడండి. 2007లో రాసుకున్న ఒప్పందం అది. ధర 55.5 లక్షలు, ముందే ఇచ్చిన అడ్వాన్సు 20 లక్షలు. గడువులోగా బాకీ చెల్లించకపోతే అడ్వాన్సు పోతుందని షరతు. కొన్నవాడు చెల్లించలేదు. ఆ 20 లక్షలు బేరానికి హామీగా ఇచ్చిన సొమ్మేనని, అమ్మినవాళ్లు ఉంచుకోవచ్చని కోర్టు తేల్చింది. మూడో వంతుకు పైగా సొమ్ము పోయింది. కాబట్టి పేరు అడ్వాన్సా, బయానానా అన్నది కాదు ప్రశ్న. ఆ సొమ్ము ఎందుకిచ్చారు, ఎప్పుడిచ్చారు, కాగితంలో ఏం రాసుకున్నారు అన్నవే చూస్తారు.

కొనే రైతుకు దీన్లో పాఠముంది. కూడబెట్టింది, బంగారం తాకట్టు పెట్టింది అంతా సంతకం రోజే అడ్వాన్సుగా పోయకండి. బయానా తక్కువ ఇవ్వండి. మిగతాది ధరలో భాగమని విడిగా రాయించండి.

నష్టమెంత అని అడుగుతారు

మౌలాబక్ష్ కేసు అని 1969 నాటిది ఇంకొకటుంది. సైన్యానికి ఆలుగడ్డలు, కోళ్లు, గుడ్లు, చేపలు సరఫరా చేసే కాంట్రాక్టు అది. సరుకు సరిగా ఇవ్వలేదని కట్టిన డిపాజిట్టును సర్కారు ఉంచేసుకుంది. ఆ డిపాజిట్టు బయానా కాదని, వేరేచోట కొనడానికి ఎంత ఎక్కువ పెట్టారో లెక్క చూపకుండా ఉంచుకోవడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది.

2015 తీర్పు మరీ సూటిగా ఉంటుంది. ఢిల్లీ అభివృద్ధి సంస్థ 1982లో ఒక స్థలం వేలం వేసింది. పాట 3.12 కోట్లు. పాడినవారు నాలుగో వంతు, అంటే 78 లక్షలు కట్టారు. తర్వాత పాట రద్దు చేసి ఆ 78 లక్షలు ఉంచుకున్న సంస్థ, అదే స్థలాన్ని 1994లో 11.78 కోట్లకు అమ్మింది. ఇంత లాభపడినవారికి నష్టమెక్కడిదని అడిగి, సొమ్ము వెనక్కి ఇవ్వాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. పెద్ద సంస్థకైనా, ఎకరా రైతుకైనా న్యాయం ఒకటే. భూమి ఎక్కువ ధరకు అమ్ముకుని పాత కొనుగోలుదారు సొమ్ము కూడా నాదేనంటే కోర్టు ఒప్పదు.

‘అమ్మినవాడు మాట తప్పితే అడ్వాన్సుకు రెట్టింపు ఇవ్వాలి’ అన్న షరతుకూ ఇదే సూత్రం. కాగితంలో ఉన్నది గరిష్ఠ పరిమితి మాత్రమే. అందులో న్యాయమైన పరిహారం ఎంతో కోర్టు నిర్ణయిస్తుంది. రెట్టింపు రాశాం కదా, రెట్టింపు వస్తుందని కొన్నవాడు లెక్కలేసుకోకూడదు. రెట్టింపు కట్టాలేమోనని రైతు బెదిరిపోనూ అక్కర్లేదు.

గడువు దాటితే?

భూమి ఒప్పందాల్లో గడువు మామూలుగా ప్రాణం లాంటిది కాదని కోర్టులు ఎప్పటినుంచో చెబుతున్నాయి. ఆరు నెలల గడువు మీద పది రోజులు దాటినంత మాత్రాన ఒప్పందం రద్దు కాదు. అయితే ఫలానా తేదీకి కట్టి తీరాలి, లేకపోతే రద్దు అని స్పష్టంగా రాసుకుంటే కోర్టు దాన్ని పాటిస్తుంది. 1992 డిసెంబరులో అయిదుగురు జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం ఒక ఢిల్లీ ఇంటి కేసులో ఇదే చెప్పింది. పది రోజుల్లో 98,000 కట్టాలన్నది అక్కడి షరతు. కట్టలేదు. కొన్నవారు ఓడిపోయారు.

1997లో తమిళనాడు కేసు ఒకటి. 60,000 రూపాయల ఇంటికి 5,000 అడ్వాన్సు ఇచ్చి, ఆరు నెలల గడువు పెట్టుకుని, కొన్నవాడు రెండున్నరేళ్లు ఉలుకూపలుకూ లేకుండా కూర్చున్నాడు. ఈలోగా ధర బాగా పెరిగింది. అప్పుడొచ్చి రిజిస్టరు చేయమంటే కుదరదని సుప్రీంకోర్టు అంది. 2011లో ఇంకో అడుగు ముందుకేసింది. ధరలు నిలకడగా ఉన్న పాతరోజుల సూత్రాన్ని, ధరలు పరుగెత్తే ఈ రోజులకు అట్లాగే వాడకూడదని, చిన్న అడ్వాన్సుతో అమ్మినవాడిని ఏళ్ల తరబడి కట్టిపడేయడం న్యాయం కాదని చెప్పింది.

రైతు ఇక్కడ జాగ్రత్తపడాల్సింది ఒకటుంది. గడువు దాటాక కొన్నవాడు వచ్చి ‘ఇదిగో అన్నా, ఈ యాభై వేలు ఉంచుకో, మిగతాది వచ్చే నెల చూద్దాం’ అంటే చాలామంది తీసుకుంటారు. తీసుకుంటే గడువును మీరే వదులుకున్నట్టు లెక్క. తీసుకోదలిస్తే అగ్రిమెంటు వెనక చెల్లు రాయించి, కొత్త గడువు తేదీ వేసి, ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఇష్టం లేకపోతే సొమ్ము తీసుకోకుండా రిజిస్టరు పోస్టులో నోటీసు ఇవ్వండి. ఇన్ని రోజుల్లో బాకీ కట్టి రిజిస్టరు చేయించుకోవాలి, లేకపోతే ఒప్పందం రద్దని అందులో రాయించండి. ఆ గడువు మరీ మూడు రోజులు, నాలుగు రోజులు కాకుండా సబబుగా ఉండాలి.

దావా వేయడానికి కాలపరిమితి మూడేళ్లు. అగ్రిమెంటులో తేదీ ఉంటే ఆ తేదీ నుంచి మూడేళ్లు. తేదీ లేకపోతే, రిజిస్టరు చేయనని అమ్మినవాడు తెగేసి చెప్పిన సంగతి తెలిసిన రోజు నుంచి మూడేళ్లు. తేదీ లేని అగ్రిమెంటు రైతు మెడకు ఏళ్ల తరబడి వేలాడేది ఇందుకే. గడువు తేదీ లేకుండా ఎన్నడూ సంతకం పెట్టకండి.

రైతే మాట తప్పితే..

ధర పెరిగిందని రైతు ఎదురు తిరిగితే కొన్నవాడు రిజిస్ట్రేషను కోసం దావా వేస్తాడు. 2018 అక్టోబరు 1కి ముందు ఈ దావాల్లో కోర్టుకు విచక్షణ ఉండేది. రిజిస్ట్రేషనుకు బదులు సొమ్ము వాపసు ఇప్పించి సరిపెట్టిన తీర్పులు చాలా ఉన్నాయి. ఆ రోజు నుంచి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సవరణ అమల్లోకి వచ్చింది. ఒప్పందం నిజమైనదై, కొన్నవాడి తప్పు లేకపోతే రిజిస్టరు చేయించమని తీర్పివ్వడమే ఇప్పుడు మామూలు పద్ధతి. ‘అడ్వాన్సు వెనక్కిచ్చేస్తే సరిపోతుందిలే’ అన్న పాత ధీమా ఇప్పుడు పనికిరాదు.

కొన్నవాడు కూడా ఒకటి రుజువు చేయాలి. మొదటి నుంచి చివరిదాకా తాను సొమ్ముతో సిద్ధంగా ఉన్నానని, కొనాలన్న ఉద్దేశంతోనే ఉన్నానని చూపాలి. నోటిమాట చాలదు. గడువులోగా ఇచ్చిన నోటీసు, బ్యాంకు పాసుపుస్తకం, రిజిస్ట్రేషను ఆఫీసుకు వచ్చిన ఆధారం లాంటివి కావాలి.

దావా పత్రంలో ఇంకో అడుగు మరవకూడదు. రిజిస్ట్రేషను కుదరకపోతే కట్టిన సొమ్ము వడ్డీతో ఇప్పించమని విడిగా అడగాలి. అడగకపోతే కోర్టు తనంతట తాను ఇవ్వదు. ఇది చట్టంలోనే ఉంది. దావా నడుస్తుండగా సవరణ చేసి అడగొచ్చు గాని మొదటే అడగడం మంచిది. పైన చెప్పిన బెంగళూరు కేసులోనూ సొమ్ము వాపసు అడగకపోవడం కొన్నవాడికి ఎదురైంది. తప్పు కొన్నవాడిది కాకపోతే, అతను కట్టిన సొమ్ముకు ఆ భూమే హామీగా ఉంటుందని ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది. కాబట్టి సొమ్ము ఇవ్వకుండా రైతు తప్పించుకోలేడు.

దావా నడుస్తుండగా ఆ భూమిని మరొకరికి అమ్మితే కొత్తగా కొన్నవాడు కూడా తీర్పుకు కట్టుబడాలి. ముందున్న అగ్రిమెంటు సంగతి తెలిసి కొన్నా అంతే. తెలియక, పూర్తి ధర ఇచ్చి కొన్నవాడికే రక్షణ.

అప్పుకు రాసిచ్చిన అగ్రిమెంటు

చిన్న రైతులను ఎక్కువగా ముంచేది ఇదే. రొయ్య పిల్లకో, మేతకో, వరి పెట్టుబడికో అప్పు అడిగితే ప్రామిసరీ నోటు చాలదంటారు. ‘ఊరికే హామీకిలే, డబ్బు కట్టాక చించేద్దాం’ అని క్రయ అగ్రిమెంటు రాయించుకుంటారు. అప్పు తీరకపోతే, ఒక్కోసారి తీరినా, అదే కాగితంతో భూమి రిజిస్టరు చేయమని దావా పడుతుంది.

ఆ కాగితం అప్పు కోసమే రాశామని, భూమి అమ్మే ఉద్దేశం లేదని కోర్టులో చెప్పుకోవచ్చు. రుజువు చేసే భారం మాత్రం రైతుదే. అప్పుడు కోర్టులు కొన్ని గుర్తులు చూస్తాయి. ధర ఊళ్లో ఉన్నదానికన్నా మరీ తక్కువా? ధరలో ఎక్కువ భాగం సంతకం రోజే ఇచ్చేశారా? కొద్దిపాటి బాకీకి రెండేళ్లు, మూడేళ్లు గడువు పెట్టారా? పంట ఇంకా రైతే వేసుకుంటున్నాడా? వడ్డీ కట్టిన ఆనవాళ్లున్నాయా? 15 లక్షల భూమికి 5 లక్షల ధర రాసి, 4 లక్షల 90 వేలు ముట్టాయని, మిగతా 10 వేలకు మూడేళ్లు గడువని ఉంటే అది అమ్మకం కాదని ఎవరికైనా అనుమానం వస్తుంది.

అంతదాకా తెచ్చుకోకండి. అప్పుకు నోటు రాయండి, తప్పకపోతే తాకట్టు రాయండి. క్రయ అగ్రిమెంటు రాయొద్దు. ఖాళీ స్టాంపు కాగితం మీద సంతకం అసలే పెట్టొద్దు. ఇప్పటికే రాసిచ్చి ఉంటే వడ్డీ, అసలు బ్యాంకు ద్వారా కట్టండి. తీరిన రోజే అసలు కాగితం వెనక్కి తీసుకుని రసీదు రాయించుకోండి.

స్వాధీన అగ్రిమెంటు చిక్కులు

సగం సొమ్ము ఇచ్చి భూమి స్వాధీనం చేసుకుని సాగు చేసుకునే పద్ధతి మన దగ్గర పాతదే. 1999 ఏప్రిల్ 1 నుంచి మన రాష్ట్రంలో క్రయ ఒప్పందాలనూ రిజిస్టరు చేయించాలని సవరణ వచ్చింది. రిజిస్టరు కాని అగ్రిమెంటును రిజిస్ట్రేషను కోరే దావాలో ఒప్పందానికి సాక్ష్యంగా చూడొచ్చు. 2023లో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట చెప్పింది. అయితే స్వాధీనానికి రక్షణ కావాలంటే అది చాలదు. 2001 సెప్టెంబరు 24 తర్వాత రాసిన స్వాధీన అగ్రిమెంటు రిజిస్టరు కాకపోతే, ‘సగం డబ్బిచ్చి భూమిలో ఉన్నాను, నన్ను దించకూడదు’ అన్న వాదన నిలవదు.

స్టాంపు సంగతి కూడా ఉంది. స్వాధీనం ఇచ్చినట్టున్న అగ్రిమెంటుకు మన రాష్ట్రంలో క్రయ దస్తావేజుకు పడినంత స్టాంపు సుంకం పడుతుంది. తక్కువ స్టాంపు మీద రాసినదాన్ని కోర్టులో పెడితే తక్కువపడిన సుంకం, దాని మీద పది రెట్ల దాకా జరిమానా కట్టాకే చూస్తారు. వంద రూపాయల కాగితం మీద లక్షల బేరం రాసుకున్నవారు అక్కడ నోరు తెరుస్తారు.

ఎవరెవరు సంతకం పెట్టాలి?

పట్టాదారు పాసుపుస్తకం అన్న పేరున ఉందని ఆయనొక్కడితో బేరం ముగిస్తే తర్వాత తమ్ముడో, అక్కో, చెల్లెలో వస్తారు. ఉమ్మడి ఆస్తిలో ఆడబిడ్డలకు సమాన వాటా అని మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది. 2005లో దేశమంతటికీ వచ్చింది. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. కట్నం ఇచ్చి పంపాం కదా అంటే కుదరదు.

మన రాష్ట్రం నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన రెండు కేసులు చూడండి. 2010 నాటి దాంట్లో భార్యకు సగం వాటా ఉన్న ఆస్తి మొత్తాన్ని భర్త ఒక్కడే అమ్ముతానని రాశాడు. కొన్నవారికి భర్త సగం మాత్రమే దక్కింది. 2014 నాటి కేసులో వాటాదారులందరూ సంతకాలు పెట్టలేదని రిజిస్ట్రేషనుకు కోర్టు ఒప్పుకోలేదు. వాటాదారులందరి సంతకాలు లేని అగ్రిమెంటు మీద బయానా ఇవ్వడమంటే గోదాట్లో వేసినట్టే.

అమ్మకూడని భూమికి బయానా

మన తీరంలో సర్కారు ఇచ్చిన డి.కె.టి. పట్టాలు, సి.జె.ఎఫ్.ఎస్. భూములు, చుక్కల భూములు ఎక్కువ. అసైన్డు భూమి అమ్మడం కొనడం 1977 చట్టం నిషేధించింది. అట్లాంటి భూమికి రాసిన అగ్రిమెంటును కోర్టు అమలు చేయించదు. 2023లో చట్టం సవరించి, ఇచ్చి ఇరవై ఏళ్లు దాటిన భూములకు వెసులుబాటు తెచ్చారు. 2024లో ప్రభుత్వం మారాక అట్లా విడుదలైన భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. చుక్కల భూములకు సంబంధించి 2023 మే నెలలో కావలి సభలో పత్రాలు పంచారు. ఈ నిబంధనలు మారుతూ వస్తున్నాయి కాబట్టి ఎవరో చెప్పిన మాట మీద పోకండి. మీ సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో చూసుకున్నాకే బయానా మాట ఎత్తండి.

సొమ్ము చేతికి వద్దు, బ్యాంకుకే

‘మన మధ్య కాయితాలెందుకులేన్నా’ అని సంచిలో నోట్లు తెచ్చే రోజులు పోయాయి. భూమి అడ్వాన్సుగా 20,000 రూపాయలు, ఆపైన నగదు తీసుకోకూడదని 2015 జూన్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టంలో నిబంధన ఉంది. తీసుకుంటే తీసుకున్నంత జరిమానా పడొచ్చు. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయమే ఉండి, పన్ను పడే ఆదాయం ఎవరికీ లేకపోతే మినహాయింపు ఉంది. కొనేవాడు వ్యాపారి అయితే ఈ మినహాయింపు రాదు. 2 లక్షలు, ఆపైన నగదు ఇచ్చామని దావా వేస్తే ఆ సంగతి ఆదాయపు పన్ను శాఖకు తెలపాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కింది కోర్టులను ఆదేశించింది. అన్నిటికీ మించి, నగదు ఇచ్చామన్నది రుజువు చేయడం కష్టం. చెక్కుకు, డి.డి.కి బ్యాంకే సాక్షి.

సంతకానికి ముందు ఇవి చూసుకోండి

• కాగితం చదివించుకుని వినండి. చదువురాకపోతే మీ మనిషి చేత చదివించండి, అవతలివారి మనిషి చేత కాదు.

• సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, ఎకరా ధర, మొత్తం ధర అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉండాలి.

• బయానా ఎంత, ధరలో భాగం ఎంత అన్నది విడివిడిగా రాయాలి. ఎవరు తప్పితే ఏమవుతుందో ఇద్దరికీ ఒకే తీరుగా ఉండాలి.

• ప్రతి విడతకూ తేదీ, చివరి గడువుకు తేదీ ఉండాలి. సొమ్ము ముట్టినప్పుడల్లా చెల్లు రాయించండి.

• సర్వే చేయించడం, పాత బాకీలు తీర్చడం, వాటాదారులను తీసుకురావడం ఎవరి బాధ్యతో రాయండి. గడువు ఎవరివల్ల దాటిందన్న పేచీ ఎక్కువగా ఇక్కడే పుడుతుంది.

• కొనేవారు ఇ.సి., అడంగల్, 1-బి చూడాలి. భూమి మీదికి వెళ్లి సాగులో ఎవరున్నారో ఇరుగుపొరుగు రైతులను అడగాలి.

• పూర్తి సొమ్ము ముట్టేదాకా స్వాధీనం ఇవ్వకండి. ఇస్తే అగ్రిమెంటు రిజిస్టరు చేయించండి.

• అసలు కాగితం ఒకరి దగ్గరుంటే రెండోవారి దగ్గర సంతకాలున్న నకలు ఉండాలి.

తగాదా వచ్చాక

నోటీసు వస్తే పక్కన పడేయకండి. జవాబివ్వకపోతే ఒప్పుకున్నట్టేనని అవతలివారు వాదిస్తారు. అగ్రిమెంటు, చెల్లులు, బ్యాంకు కాగితాలు తీసుకుని వకీలును కలవండి. ఫీజుల లెక్క కూడా ముందే అడగండి. రిజిస్ట్రేషను కోరే దావాకు కోర్టు ఫీజు ఒప్పంద ధర మొత్తం మీద పడుతుంది. సొమ్ము వాపసు మాత్రమే కోరితే అడిగిన సొమ్ము మీదే పడుతుంది.

రాజీ కుదిరే బేరమైతే లోక్ అదాలత్ మేలు. అక్కడి అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంది, దానిమీద అప్పీలు ఉండదు. నడుస్తున్న దావా అక్కడ రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. దావా వేయకముందే కూడా అర్జీ పెట్టుకోవచ్చు. ఊళ్లో పెద్దమనుషుల ముందు రాజీ అయినా దాన్ని కాగితం మీద పెట్టి, పాత అగ్రిమెంటు రద్దయిందని రాయించి, అసలు కాగితం వెనక్కి తీసుకోవాలి. అగ్రిమెంటు రిజిస్టరు అయి ఉంటే రద్దు పత్రం కూడా రిజిస్టరు చేయించాలి. లేకపోతే ఇ.సి.లో పాత పేరు అట్లాగే కనపడుతుంది.

వకీలును పెట్టుకునే స్తోమత లేనివారికి న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. ఆడవారికి, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేదు. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోనూ, కింది కోర్టులున్న పట్టణాల్లోనూ ఈ సంస్థ ఆఫీసులుంటాయి. తెల్లకాగితం మీద అర్జీ రాసి, అగ్రిమెంటు నకలు జతచేసి ఇస్తే చాలు. మూడేళ్ల కాలపరిమితి మాత్రం ఎవరికోసమూ ఆగదు. గడువు తేదీ ఎప్పుడో ఈ రోజే మీ అగ్రిమెంటు తీసి చూసుకోండి.